టీచరమ్మకు పెట్టిన సారె

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన ఏడాది, నా కాళ్ళు కాలిన సంగతి నాకే తెలియలేదు.

అప్పుడు మేము రెంటచింతలలో ఉండేవాళ్ళం. నేను మూడో తరగతి. ధనుర్మాసపు చలిలో అమ్మకు జ్వరం వచ్చింది. తగ్గుతుందిలే అనుకుంటూ ఉండగానే ముదిరింది. బండిలో పరుపు వేసి మాచర్ల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఇంటికి తెచ్చాక అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. ఏడవకూడదని బిగబట్టుకోవడం కాదు, ఏడుపు రాలేదంతే. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎవరో ‘పిల్ల రాయైపోయింది’ అన్నారు. ఆ మాట ఇంకెవరి గురించో అన్నట్టు విన్నాను. ఆ తర్వాత రోజుల్లోనూ అంతే. అన్నం పెడితే తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని. బడిలో హాజరు పిలిస్తే పలకాలని తోచేది కాదు.

మా నాన్న లారీ డ్రైవరు. మాచర్ల చుట్టుపక్కల క్వారీల్లో తీసిన నాపరాళ్ళు ఎత్తుకుని నాగపూరనీ మద్రాసనీ పోయేవాడు. పోతే ఎప్పుడొస్తాడో తనకే తెలియదు. ఒక లోడు దించిన చోట ఇంకో లోడు దొరికితే అటునుంచి అటే వెళ్ళాలి. అమ్మ పోయినప్పుడు కూడా బండి మీదే ఉన్నాడు. కబురు అంది వచ్చేసరికి అంతా అయిపోయింది. దినం అయ్యేదాకా ఉండి మళ్ళీ బండెక్కాడు.

ఇంట్లో ఇక నేనూ, మా నాయనమ్మా. నాయనమ్మకు మా నాన్న ఒక్కడే బిడ్డ, వెనకా ముందూ ఇంకెవరూ లేరు. ఆవిడ మిరపకాయల కోతకు పోయేది. చీకటితో సద్ది కట్టుకుని వెళితే పొద్దుగూకాకే రావడం. వచ్చాక చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఎంత కడిగినా మిరప మంట చేతుల్ని వదలదు. ఆ చేతులతో ఒకసారి నా తల దువ్వితే మర్నాడంతా నా కళ్ళు మండాయి. అప్పటినుంచి ఆవిడ నన్ను తాకడానికే భయపడేది. నా జుట్టు చిక్కులు పడి అట్టలు కట్టింది. అది నన్నేమీ బాధించలేదు.

శివరాత్రితో చలి ‘శివ శివా’ అంటూ పోతుందంటారు. మా ఊళ్ళో అంతకు ముందే పోతుంది. శివరాత్రి దాటాక ఒంటిపూట బళ్ళు పెట్టారు. మిట్టమధ్యాహ్నం బడి వదిలితే వీధుల్లో పరిచిన నల్ల బండలు పెనాల్లా ఉండేవి. పిల్లలందరూ నీడ చూసుకుని గంతులేసుకుంటూ పోయేవాళ్ళు. నేను ఎప్పటిలాగే నడిచి వెళ్ళాను. ఇంటికి వెళ్ళాక కాళ్ళ వంక చూసుకోలేదు కూడా.

మర్నాడు పొద్దున తరగతిలోకి వెళ్ళి నా చోట కూర్చున్నాను. మా టీచరమ్మ గుమ్మం నుంచి నా బెంచీ దాకా నేల వంక చూస్తూ వచ్చింది. బండ మీద నా అడుగులు తడితడిగా పడి ఉన్నాయి. బొబ్బలు చితికిన తడి అది.

ఆవిడ తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి. నీళ్ళూ పచ్చదనమూ ఉన్న చోటు నుంచి మా ఎండల్లోకి ఉద్యోగం మీద వచ్చి, బోరింగు దగ్గర, మేము పిన్ని అని పిలిచే ఒకావిడ ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. తండ్రి లేడు, తమ్ముళ్ళు చదువుకుంటున్నారు, ఈవిడ జీతంతోనే ఇల్లు గడవాలి. అందుకే పెళ్ళి వయసు దాటిపోతోందని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు.

“కాళ్ళు చూపించమ్మా,” అంది. చూపించాను.

“నొప్పిగా లేదూ?”

“ఏమో టీచర్,” అన్నాను.

ఆవిడ తరగతిని ఎక్కాలు చదువుకోమని చెప్పి, తన కూజాలో నీళ్ళతో నా కాళ్ళు కడిగింది. ఎవరినో తన గదికి పంపించి కొబ్బరినూనె, పాత నూలు గుడ్డ తెప్పించి కట్టు కట్టింది. బడి వదిలాక తన చెప్పులు నా కాళ్ళకు తొడిగి ఇంటికి పంపింది. నా పాదాల కన్నా బాగా పెద్దవి. ఈడ్చుకుంటూ వెళ్ళాను. ఆ మధ్యాహ్నం ఆవిడ తన గది దాకా వట్టి కాళ్ళతో నడిచిందని తర్వాత తోటి పిల్లలు చెప్పారు.

మరుసటి రోజు నుంచి విరామం గంట కొట్టగానే నన్ను తన కుర్చీ దగ్గరికి పిలిచి చిక్కు తీసేది. ఒక్కసారిగా కాదు, రోజుకి కొంచెం. మాట్లాడమనలేదు, ఏడవమనలేదు, అమ్మ ఊసెత్తలేదు. దువ్వెన కదులుతూ ఉండేది, ఆవిడ పిల్లల మీద కేకలేస్తూ ఉండేది, నేను నిలబడి ఉండేదాన్ని. అంతే.

ఆ రోజుల్లోనే నాన్న వచ్చాడు. గుమ్మం పక్కన ఆడవాళ్ళ చెప్పులు కనిపించాయి. మా గుమ్మంలో అమ్మ చెప్పులుండే చోటే అది. నాన్న లోపలికి రాలేదు. భుజం మీద సంచీ దించకుండా, ఆ చెప్పుల్ని చూస్తూ వాకిట్లోనే ఆగిపోయాడు. నాయనమ్మ బయటికి వచ్చి, “టీచరమ్మవిరా. పిల్ల కాళ్ళు కాలితే తనయ్యి ఇచ్చి పంపింది,” అని చెప్పాక గానీ గడప దాటలేదు.

మర్నాడు ఆ చెప్పుల్ని తుడిచి, కాగితంలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. టీచరమ్మే బయటికి వచ్చింది.

“మా పిల్లకి మీరు...” అన్నాడు. ఆ పైన మాట రాలేదు. లారీ రోడ్డు మీద అడ్డమొచ్చిన వాళ్ళని గొంతు చించుకుని తిట్టే మనిషి.

“పిల్లకి చెప్పులు కొనివ్వండి. వేడి తెలియడం లేదు దానికి,” అంది ఆవిడ.

“తెలియట్లేదాండీ?”

“ఇప్పుడు తెలియట్లేదు. తెలుస్తుంది లెండి.”

నాన్న తల ఊపాడు. ఆ సాయంత్రమే నాకు రబ్బరు చెప్పులు కొనిచ్చి, తెల్లవారుజామున బండెక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ నా కళ్ళ ముందు మాట్లాడుకున్న మాటలు అప్పటికి అవే.

ఉగాది ముందు ఒక లారీ మా వీధి చివర ఆగింది. నాన్న పనిచేసే యజమాని బండే, నడిపేది వేరే డ్రైవరు. వెదురు బుట్టలో కమలాపండ్లు తెచ్చాడు. “నాగపూర్లో కలిశాడు మీ నాన్న. టీచరమ్మకియ్యమన్నాడు,” అని బుట్ట దించి వెళ్ళాడు. నేనూ నాయనమ్మా మోసుకెళ్ళి బళ్ళో ఇచ్చాం. టీచరమ్మ తరగతి అందరికీ పంచి, ఒకటి తను వలిచి సగం నా చేతిలో పెట్టింది.

తర్వాత ఇంకో డ్రైవరు మద్రాసు వైపు నుంచి వట్టివేళ్ళ విసనకర్ర తెచ్చాడు. దాని మీద నీళ్ళు చిలకరించి విసురుకుంటే చల్లటి వాసన వస్తుంది. టీచరమ్మ దాన్ని బల్ల మీద ఉంచుకుని, విసురుకుంటున్నప్పుడు మధ్యమధ్యలో మా ముందు బెంచీ వైపు కూడా విసిరేది. ఒకరోజు నేను తలెత్తి చూశాను. ఏదో ముఖానికి తగిలినట్టనిపించింది. అది వాసన అని తెలియడానికి కాసేపు పట్టింది. అమ్మ పోయాక నాకు తెలిసిన మొదటి వాసన అదే.

నాన్నకు అదంతా ఎలా తోచేదో నాకు తెలియదు. చదువు లేని మనిషి. ఏ ఊళ్ళో లోడు దించినా అక్కడ దొరికే వస్తువు చూస్తే, మా ఎండలూ ఆ టీచరమ్మా గుర్తొచ్చేవేమో. తను ఊళ్ళో లేడు కాబట్టి కృతజ్ఞత ఎదురుగా చెప్పలేడు. ఉన్నా చెప్పలేడని గేటు దగ్గర చూశాం కదా. అందుకని వస్తువులు పంపేవాడు. అవి వచ్చే దారిలో ఎన్ని కళ్ళుంటాయో లారీలో కూర్చున్న మనిషికి కనపడదు.

మూడోసారి చీర వచ్చింది.

సన్నటి నూలు చీర. లేత నిమ్మపండు రంగు, సన్నగా ఆకుపచ్చ అంచు. డ్రైవరు పొద్దున్నే తెచ్చి నా చేతికిచ్చాడు. నాయనమ్మ అప్పటికే కోతకు వెళ్ళిపోయింది. “ఎండలకి చల్లగా ఉంటదంట, టీచరమ్మకియ్యమన్నాడు,” అన్నాడు. కాగితం పొట్లం చంకన పెట్టుకుని బడికి బయల్దేరాను. బోరింగు దగ్గర టీచరమ్మ ఇంటి పిన్ని బిందె నింపుకుంటోంది. చుట్టూ ఇంకొందరు ఆడవాళ్ళు ఉన్నారు.

“ఏందే అది? చూడనీ,” అని తడి చేత్తోనే పొట్లం మడత విప్పింది పిన్ని. “చీర! మీ నాన్న పంపినాడా? టీచరమ్మకా?”

అవునన్నాను.

“అయితే సవితి తల్లికి చీర నువ్వే మోసకపోతన్నావన్నమాట,” అంది. పక్కనున్న వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను పొట్లం సర్దుకుని నడిచాను.

టీచరమ్మ విరామంలో దాన్ని విప్పింది. అంచు మీద వేలితో రాస్తూ, “నాన్న ఏమన్నారు?” అని అడిగింది. “ఎండలకి చల్లగా ఉంటదంట,” అని డ్రైవరు చెప్పింది చెప్పాను. ఆవిడ నవ్వింది. తరగతిలో ఆవిడ నవ్వడం చూశాను గానీ ఈ నవ్వు అది కాదు. ఎవరికో చూపించాలని నవ్వింది కాదు. చీర మడిచి పక్కన పెట్టి, నా జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. అప్పుడు నేను, పాఠం అప్పజెప్పినట్టు, “పిన్ని సవితి తల్లికి చీర అంది టీచర్,” అన్నాను.

దువ్వెన నా జుట్టులో ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. జడ పూర్తిచేసి, కొస దాకా అల్లి, రిబ్బను కట్టి, “వెళ్ళి కూర్చో,” అంది.

ఆ రెండు మూడు రోజుల్లో ఏమేం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. పిన్ని టీచరమ్మను గది ఖాళీ చెయ్యమంది. పిల్లలున్న ఇల్లు, ఇట్లాంటివి కుదరవంది. హెడ్మాస్టరు చెవిన కూడా ఎవరో వేశారు. ఆయన టీచరమ్మను పిలిచి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడాడు. బయటికి వచ్చాక ఆవిడ ఆ చీర పొట్లం నా చేతిలో పెట్టి, “నాయనమ్మకివ్వు. నేను తీసుకోకూడదని చెప్పు,” అంది.

మర్నాడు విరామం గంట కొట్టారు. నేను లేచి ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ పలకలు దిద్దుతోంది. దిద్దుతూనే ఉంది. తలెత్తలేదు. కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి కూర్చున్నాను. నాకేమీ అనిపించలేదు. చెప్పులు విప్పి బెంచీ కిందకు తోశాను. బడి వదిలాక అవి వేసుకోవడం మర్చిపోయి ఇంటికి నడిచాను.

సాయంత్రం నాయనమ్మ మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుని, నా కాళ్ళ వంక చూసింది. “మళ్ళీ కాల్చుకున్నావా! చెప్పులేయి?” అంది. చెప్పులు బళ్ళో ఉన్నాయన్నాను. చీర పొట్లం ముందు పెట్టాను. ఆవిడ అడిగిన కొద్దీ అన్నీ చెప్పాను. పిన్ని అన్నది, ఆడవాళ్ళు నవ్వింది, గది ఖాళీ చెయ్యమన్నది, టీచరమ్మ తల దువ్వనిది. కోతకు వెళ్ళే చోట ఈ మాటలు ఎప్పుడో పుట్టే ఉంటాయి. మొహం మీద అనే ధైర్యం లేక ఎవరూ నాయనమ్మ దాకా రానివ్వలేదు.

నాయనమ్మ చేతులు తీయకుండానే అడిగింది. “చీర చూసి టీచరమ్మ ఏమంది?”

“నవ్వింది.”

“నవ్విందా? ఎట్లా నవ్వింది?”

ఎట్లా అంటే ఏం చెప్పను. మజ్జిగలో నాయనమ్మ చేతులు చాలాసేపు కదల్లేదు. తర్వాత, “రేపు నేను కోతకి పోను. గుప్పెడు బియ్యం ఎక్కువే నానబొయ్యాల,” అంది.

మర్నాడు బియ్యం దంచింది. తడిపిండి జల్లించి, బెల్లం కలిపి, నెయ్యి వేసి చలిమిడి పిసికింది. చలిమిడి ఎవరికి చేస్తారో మా వైపు పిల్లలకి కూడా తెలుసు. కూతురు అత్తారింటికి పోతుంటే ఒడిలో పెట్టి పంపిస్తారు. నాయనమ్మకు కూతురు లేదు. ఆ ఇంట్లో ఎన్నడూ ఆ పిండి పిసకలేదు. మంట తగ్గని చేతులతో చేస్తూ, “కారం తగులుద్దేమో. కొంచెం నోట్లో ఏసుకుని చూడవే,” అని నన్ను అడిగింది. చూశాను. తియ్యగా ఉందని చెప్పాను.

పొద్దు వాలాక నన్ను తీసుకుని నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. గొడవకొచ్చిందనుకుని ఉంటుంది.

“ఏమే, తీరికగా ఉన్నావా? కొంచెం సాయం రా. నా కూతురికి సారె పెడతన్నా,” అంది నాయనమ్మ.

“నీకు కూతురేంది అత్తా?”

“ఉందిలే. నీ ముందు గదిలోనే ఉంది. పసుపూ కుంకుమా పెట్టేదానికి ముత్తైదువ కావాల. నేను పెట్టకూడదు గదా, విధవదాన్ని. నువ్వు చల్లటి చెయ్యి దానివి. పళ్ళెం పట్టుకో.”

పళ్ళెం పిన్ని చేతుల్లో పెట్టేసింది. కుంకుమ భరిణె ఉన్న పళ్ళేన్ని ఏ ముత్తైదువా వద్దని తోసెయ్యలేదు. బోరింగు దగ్గరున్న ఆడవాళ్ళను కూడా నాయనమ్మ పేరుపేరునా పిలిచింది. “మీరూ రాండే. చూడండి, నా కూతురికేం పెడతన్నానో,” అంది. చూడాలన్న ఆశతోనే వాళ్ళు వచ్చారు.

టీచరమ్మ తలుపు తీసి, గుమ్మం నిండా మనుషుల్ని చూసి ఒకడుగు వెనక్కి వేసింది. గదిలో పెట్టె సర్ది మూలన పెట్టి ఉంది. నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. పిన్ని చేత బొట్టు పెట్టించింది, పాదాలకు పసుపు రాయించింది. నిమ్మపండు రంగు చీర, రవికె గుడ్డ, అరటిపండ్లు, గాజులు, పైన మూత పెట్టిన చలిమిడి గిన్నె. అన్నీ వరసగా పెట్టి, అందరికీ వినపడేలా గొంతెత్తింది.

“నాకు ఆడపిల్ల లేదమ్మా. నా కొడుక్కి తోడబుట్టింది లేదు. వాడు యాడ తిరిగినా ఇంటి ఆడబిడ్డకి పంపినట్టు పంపతన్నాడు. చేతగాని యెదవ, నోటితో చెప్పడం రాదు వాడికి. అందుకని నేనొచ్చా. ఇంగ నించి ఈ ఊళ్ళో నీకు పుట్టిల్లుంది. ఎవురన్నా ఏందన్నా అంటే నా ఇంటికి రమ్మను.”

టీచరమ్మ చీర వంక చూసింది. తర్వాత నాయనమ్మ వంక చూసి, మెల్లగా అడిగింది.

“మీ అబ్బాయికి తెలుసా అమ్మా?”

“వాడికి నేను చెప్తాలే తల్లీ. పట్టు.”

అప్పుడు టీచరమ్మ ముఖం చూశాను. అందులో ఏమీ లేదు. బాధ లేదు, సంతోషం లేదు, సిగ్గు లేదు. అమ్మ పోయిన రోజు నుంచి నా ముఖం ఎలా ఉందో నేనెప్పుడూ చూసుకోలేదు. ఆ సాయంత్రం ఆవిడ ముఖంలో చూశాను. తర్వాత ఆవిడ కొంగు పట్టింది. నాయనమ్మ చీరా చలిమిడీ అందులో పెట్టింది. ఆవిడ వంగి నాయనమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టింది.

“ఏమే, ఇంగ టీచర్ టీచర్ అనబాకు. అత్తా అను,” అని నాయనమ్మ నన్ను ముందుకు తోసింది.

“అత్తా,” అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి చల్లగా ఉంది. అది చల్లగా ఉందని నాకు తెలిసింది.

ఊరు మారడానికి ఒక్క రోజే పట్టింది. పళ్ళెం పట్టిన పిన్నే, “మా ముందు గదిలో టీచరమ్మ ఫలానా వాళ్ళ ఆడబిడ్డ” అని బోరింగు దగ్గర చెప్పడం మొదలుపెట్టింది. బొట్టు తనే పెట్టింది కాబట్టి తన మాటే సాక్ష్యం. గది ఖాళీ చెయ్యమన్న ఊసు మళ్ళీ ఎత్తలేదు. హెడ్మాస్టరు కూడా ఊరుకున్నాడు. విరామం గంట కొట్టగానే అత్త నన్ను పిలిచి జడ వెయ్యడం మళ్ళీ మొదలైంది. బెంచీ కింద నా చెప్పులు తనే తీసి పెట్టింది. వేసవి సెలవలకు బడి మూసే రోజు ఆ చీర కట్టుకుని వచ్చింది. ఆవిడకు బాగుంది.

నాన్న సెలవల్లో వచ్చాడు. అన్నం వడ్డిస్తూ నాయనమ్మ చెప్పింది. “నీ చెల్లెలికి సారె పెట్టినానురా. నువ్వు పంపిన చీరే.”

“ఏ చెల్లెలు?”

“టీచరమ్మ.”

నాన్న పప్పు కలుపుతున్నాడు. అప్పటికే కలిసిన అన్నాన్ని ఇంకా కలుపుతూనే ఉన్నాడు. “ఊళ్ళో ఏమన్నా అన్నారా?” అన్నాడు. “అన్నారు,” అంది నాయనమ్మ. మళ్ళీ కలిపాడు. “చీర కట్టుకుందా?” అన్నాడు. “కట్టుకుంది.” “సరేలే,” అన్నాడు. పళ్ళెంలో మెతుకు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్ళి లారీ చుట్టూ తిరుగుతూ టైర్లు చూసుకుంటూ ఉన్నాడు.

ఆ తర్వాత కూడా వస్తువులు వస్తూనే ఉన్నాయి. డ్రైవర్లు ఇప్పుడు “మీ నాన్న చెల్లెమ్మకియ్యమన్నాడు” అనేవాళ్ళు. స్టీలు గ్లాసులు, బత్తాయిలు, గొడుగు. చీర మాత్రం ఎన్నడూ రాలేదు. అది నాయనమ్మే ఏటా ఇక్కడ కొని పెట్టేది. అత్త మా ఊళ్ళో ఇంకొన్నేళ్ళు ఉండి, తమ్ముళ్ళు స్థిరపడ్డాక తెనాలి వైపు బదిలీ చేయించుకుంది. ఆవిడ పెళ్ళికి నాయనమ్మ చలిమిడి చేసి నాన్న చేత పంపింది. నేనూ వెళ్ళాను. నాన్న పుట్టింటి వాళ్ళ వరసలో కూర్చుని, పిలిచినప్పుడు లేచి పెళ్ళికూతురికి అన్నగా బట్టలు పెట్టాడు. ఆవిడ తీసుకుని “వస్తాను అన్నయ్యా” అంది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు వస్తే, లారీ మీద బతికేవాడికి సంసారమేందని కొట్టిపారేసేవాడు.

నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక, నాయనమ్మ మంచం పట్టిన రోజుల్లో, ఒకసారి అడిగాను. అప్పటికి నాన్న లేడు.

“నాయనమ్మా, సారె పెట్టేముందు వాళ్ళిద్దర్నీ ఒక మాట అడిగినావా?”

నాయనమ్మ కళ్ళు పైకప్పు వైపు తిప్పింది.

“అడిగితే ఏదో ఒకటి చెప్తారు గదే,” అంది. “అవునంటే ఆ పిల్ల ఉద్యోగం పాయె. తమ్ముళ్ళ చదువులు పాయె. ఆళ్ళ కులమేంది మన కులమేంది, బతకనిచ్చేవాళ్ళా? కాదంటే నా కొడుకు మనసు ఇరగతది. అడక్కపోతే ఎవురూ ఏమీ చెప్పే పన్లేదు.” ఆగి, మళ్ళీ అంది. “నవ్విందన్నావు గదా. ఆ పొద్దంతా పిండి పిసకతా అదే తలుచుకున్నా.”

నాయనమ్మ ఆ రోజు చేసింది ఒక ఆడమనిషిని ఊరి నోట్లోంచి లాగడం. నాకు తల దువ్వే చేతుల్ని తిరిగి ఇవ్వడం. దూరం నుంచి పేరు లేకుండా వచ్చిన కానుకకు దారిలో ప్రతివాళ్ళూ ఓ పేరు పెడతారనీ, వాళ్ళు పెట్టేలోపు మనమే మంచి పేరు పెట్టాలనీ నేను నాయనమ్మ దగ్గరే నేర్చుకున్నాను. చాలా కాలం ఆ ఒక్కటే నేర్చుకున్నాననుకున్నాను. ఆ పేరు ఒకసారి పెట్టాక ఇక మార్చలేమన్నది నాకు నాయనమ్మ మాటలు విన్నాక తెలిసింది. మంచి చేసినప్పుడు కూడా ఎవరిదో ఏదో పోతుంది. ఏం పోయిందో వాళ్ళు చెప్పరు. చెప్పడానికి అప్పటికే వరస మారిపోయి ఉంటుంది.

ఇప్పుడు మా మనవరాలు నెల్లూరు దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తల్లి లేని పిల్ల. జ్వరాలొచ్చినా దిగులొచ్చినా అక్కడ వాళ్ళ మేడమ్ ఒకావిడ దగ్గర కూర్చోబెట్టుకుంటుంది. నేను నరసరావుపేటలో ఉన్నాను, మోకాళ్ళు సహకరించవు, ఏడాదికోసారి కూడా వెళ్ళలేను. కానుక పంపించాలనుంటుంది. బస్సు పార్సిల్లో వేస్తే మర్నాటికి చేరిపోతుంది. కానీ ముందు ఫోన్ చేస్తాను. “అమ్మా, మా పిల్లని చూసుకుంటున్నారు. మీకేదైనా పంపాలని ఉంది. పంపనా? పంపితే మీకేమన్నా ఇబ్బందా?” అని అడుగుతాను. ఆవిడ వెంటనే ఏమీ చెప్పదు. అటువైపు పిల్లల గోల వినపడుతుంటుంది. నేను తొందరపెట్టను. ఆవిడ ఆలోచించుకునేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంటాను.